నిండని బిళ్ళ

బలరాం మొదటి దెబ్బకి గాజు తలుపు పగిలింది. రెండో దెబ్బ యుగంధర్ ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు బయట కుర్చీల్లో కూర్చున్న రోగులందరికీ వినిపించింది.

కుమ్హారి వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఆ కేన్సర్ ఆసుపత్రిలో యుగంధర్ పని, కరెంటు లెక్క చూడటం. రేడియేషన్‌ని అక్కడ అందరూ కరెంటనే అంటారు. ఎంత పెట్టాలో డాక్టరు చెబుతాడు. అంతా రోగి ఒంటికి అందిందో లేదో యుగంధర్ కొలుస్తాడు. అలాంటి మనిషి మీద ఇనప రాడ్డు ఎత్తడానికి బలరాంకి ఒక కారణం ఉంది. కోపం ముక్కు మీదే ఉండేవాడికి అది చాలా పెద్ద కారణం.

బలరాంకి పవర్ హౌస్ బజారులో టైర్ల దుకాణం. తండ్రి జోగయ్యంటే ప్రాణం. క్యాంప్ 2 బస్తీలోని ఇంటి నుంచి రోజూ ఆటోలో తనే తీసుకొస్తున్నాడు. మెట్లొస్తే చేతుల మీద ఎత్తుకుంటున్నాడు. జోగయ్యకి పొత్తికడుపులో గడ్డ. మొదలుపెట్టాక ఏం జరిగినా మధ్యలో ఆపకూడదని, ఆపితే గడ్డ మళ్ళీ పెరుగుతుందని డాక్టరు మొదటి రోజే తండ్రీకొడుకుల్ని కూర్చోబెట్టి చెప్పాడు. జోగయ్యకి ఆ మాట బాగా నాటుకుపోయింది.

యుగంధర్‌కి కూడా ముసలాయనంటే ఇష్టం. మొదటిసారి ఆయన పొత్తికడుపు మీద చిన్న బిళ్ళ పెట్టి, ప్లాస్టరు వేసి, మీకెంత కరెంటు తగిలిందో ఇది చెబుతుంది తాతా అనబోతే జోగయ్య నవ్వేశాడు.

"నాకు సెప్పాలేటి బాబూ? నేను ఎక్స్‌రే గేంగులో పన్జేసినోణ్ణి. మాకూ సొక్కాకి ఇలాటి బిళ్ళే తగిలించీవోరు. అది నిండిపోతే ఆడికింక పన్నేదు, ఇంటికే. నా బిళ్ళ ఒక్కసారీ నిండనేదు."

పైపుల వెల్డింగులో లోపల పగుళ్ళున్నాయేమోనని రేడియేషన్‌తో ఫొటోలు తీసే కంట్రాక్టు కూలీల గ్యాంగు అది. ఊరూరా తిరిగి అన్నేళ్ళు ఆ పని చేసి, బిళ్ళ నిండకుండా బయటపడ్డాడంటే ఎంత జాగ్రత్త మనిషో అనుకున్నాడు యుగంధర్. నర్సులకి చూపించి మరీ మెచ్చుకున్నాడు. రోగులంతా ఇలా ఉంటే మా పని ఎంత తేలికో అన్నాడు. జోగయ్య నిజంగానే పని తేలిక చేసేవాడు. కరెంటు అయిపోయి యుగంధర్ లోపలికి వచ్చేసరికి, దుప్పటి కింద నుంచి చెయ్యి చాపి బిళ్ళని తనే అతని అరచేతిలో పెట్టేవాడు.

లెక్క చూస్తే ఆ బిళ్ళలో దాదాపు ఏమీ లేదు.

యుగంధర్ నీళ్ళ తొట్టెలో మీటరు ముంచి యంత్రాన్ని పరీక్షించాడు. యంత్రం సరిగ్గానే ఉంది. బిళ్ళ మార్చాడు. మళ్ళీ అదే. మిగతా రోగుల బిళ్ళలన్నీ చూపించాల్సినంతే చూపిస్తున్నాయి. దాచడం చేతకాని మనిషి కాబట్టి నిన్న సాయంత్రం బలరాంని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మీ నాన్న బిళ్ళలో లెక్క కనబడటం లేదు, తప్పెక్కడుందో వెతుకుతున్నామన్నాడు.

బలరాంకి అర్థమైంది ఒక్కటే. ఇన్నాళ్ళూ తన తండ్రిని బల్ల మీద పడుకోబెట్టి మోసం చేశారు. అందుకే ఇవాళ జోగయ్యని ఆటోలోనే ఉండమని చెప్పి, సీటు కిందున్న రాడ్డు తీసుకుని ఒక్కడే లోపలికి వచ్చాడు.

"ఉత్తి లైటేసి పంపీసినావు గదా భయ్యా. మా అయ్య సచ్చిపోతే నీకేటి?"

అడ్డొచ్చిన సెక్యూరిటీవాడి మోకాలు చితికింది. రోగులు గోడలకి అతుక్కుపోయారు. బలరాం తెరిచి ఉన్న ఇనప తలుపు దాటి యంత్రం గదిలోకి దూరాడు. యుగంధర్ వేలాడుతున్న చేతిని పట్టుకుని వెనకే పరిగెత్తాడు. యంత్రానికి అడ్డంగా నిలబడి, కావాలంటే నన్ను చంపు, దీన్ని ముట్టుకోవద్దు, బయట ఉన్నవాళ్ళందరి ప్రాణం ఇదేనన్నాడు. రాడ్డు అతని నోటి మీద పడింది. పళ్ళూడి రక్తంతో పాటు నేల మీద పడ్డాయి. తర్వాత రాడ్డు యంత్రం మీద పడింది. పైడొప్ప విరిగింది. లోపలి గొట్టాలు చీలి నీళ్ళు చిమ్మాయి. చేతులు లేవనంత వరకూ బలరాం కొడుతూనే ఉన్నాడు.

ఆ చప్పుడుకి జోగయ్య గోడ పట్టుకుని నడిచొచ్చాడు. రక్తం చూశాడు. నీళ్ళు కారుతున్న యంత్రాన్ని చూశాడు.

"ఇయ్యేల నాకు కరెంటు పెట్టరేటి బాబూ?" అని యుగంధర్‌ని అడిగాడు.

యుగంధర్ నోట్లోంచి మాట సరిగ్గా రాలేదు. ఇది మళ్ళీ నడవాలంటే నెలలు పడుతుందని ఎలాగో చెప్పాడు. జోగయ్య అక్కడే కూలబడ్డాడు.

బలరాం రాడ్డు వదిలేసి తండ్రి ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నీకసలు కరెంటే పెట్టనేదయ్యా. ఆ బిళ్ళలో ఏటీ నేదంట."

జోగయ్య చెయ్యెత్తి కొడుకు చెంప పగిలేలా కొట్టాడు.

"ఆ బాబు రోజూ పెట్టినాడురా, బిళ్ళ నిండితే నాకూ మద్దిలో ఆపీస్తారని, గేంగులో దాసినట్టే, తలుపు మూసుకునీలోగా నేనే దాన్ని పీకి తలకింద పెట్టీసీవోణ్ణి."