తెరిచి ఉంచిన కిటికీ

టైలరమ్మ లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చుందో లేదో, హాల్లో ఒక్కడే ఉన్న పెద్దాయన లేచాడు.

మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఆమె పక్కనున్న కిటికీ రెక్కలు బార్లా తీశాడు. వాన పడుతున్నా బయటికి వెళ్ళి చూరు కింద నిలబడ్డాడు.

ఆస్పత్రికి మందుల కోసం వచ్చినప్పుడల్లా ఇదే తంతు.

హెచ్‌ఐవీ అని తెలిసిన రోజే వదిన ఆమె గ్లాసు వేరుగా పెట్టేసింది. బట్టలు కుట్టించుకునేవాళ్ళు ముఖం చాటేశారు. ఆమె మనిషిలా కూర్చోగలిగే చోటు ఈ బెంచీ ఒక్కటే. ఇక్కడా ఇంతేనా అనుకునేసరికి కోపం నషాళానికి అంటింది.

"ఏం పెద్దాయనా, నేనంటే అంత అసహ్యమా? నా గాలి కూడా పనికిరాదా?"

ఆయన తువ్వాలు తీయకుండానే తల అడ్డంగా ఊపాడు.

"కాదు తల్లీ. నువ్వు కూర్చో. కిటికీ మాత్రం మూయకు."

"చాల్లే. అంత కష్టంగా ఉంటే నువ్వే రావడం మానుకో."

కిటికీ ధడాలున మూసేసింది.

ఆ తర్వాతి నెల ఆయన కనబడలేదు. ఆ పై నెలా లేడు.

పీడా విరగడైందనుకుంది. అయినా కళ్ళు చూరు కిందికి పోతూనే ఉన్నాయి.

"సిస్టర్, ఆ తువ్వాలు పెద్దాయన ఏడీ?"

"పోయాడమ్మా. మందులకు లొంగని టీబీ. నువ్వు అలా అన్నాక, నువ్వొచ్చే రోజు వెనక గుమ్మం నుంచి వచ్చి మందు మింగి వెళ్ళేవాడు."

టైలరమ్మ మందుల డబ్బా అందుకోకుండానే అడిగింది.

"మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదే?"

"ఒకరి జబ్బు ఇంకొకరికి చెప్పకూడదు కదమ్మా. ఆయన కూడా, తిడితే తిట్టనీ, పిల్లను బెదరగొట్టకు అన్నాడు. ఒంటికి పుట్టుకతోనే ఒక కాపలా ఉంటుంది. నీ జబ్బు ఆ కాపలానే దెబ్బతీస్తుంది. అలాంటి ఒంట్లోకి టీబీ దూరిందంటే అగ్నికి వాయువు తోడైనట్టే. రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. ఆ సంగతి ఆయనకు మాకంటే బాగా తెలుసు."

"ఆయనకెలా తెలుసు?"

సిస్టర్ లేచి వచ్చి కిటికీ రెక్కలు తీసింది. తనన్న మాటలు తనకే గుర్తొచ్చి టైలరమ్మ సిగ్గుతో తల దించుకుంది.

"నీకంటే ముందు ఆ బెంచీ మీద ఆయన కూతురు కూర్చునేదమ్మా. నీ జబ్బే. మాత్రలు వేసుకుంటూ నిక్షేపంలా ఉండేది, కన్నతండ్రి దగ్గు అంటుకునేదాకా."