నిత్యానందంగారి ఆమేన్

“ఈ క్రిస్మస్‌కి మీరు నిచ్చెన ఎక్కారో, నేను ఊరుకోనండీ!” అంది లిడియా భర్తతో, డాక్టరమ్మ ముందే.

నిత్యానందం మొహం ముడుచుకున్నాడు. చెవిలో తేడా వచ్చి ఈమధ్య ఆయనకు కళ్ళు తిరుగుతున్నాయి. కానీ ఏటా చర్చి గోపురానికి నక్షత్రం కట్టేది ఆయనే. ఆ పని ఇంకొకరికి పోతే ఆయన తట్టుకోలేడు.

“కొల్లేట్లో దోనె మీద నిలబడి పెరిగినోణ్ణి. నాకు నిచ్చెనొక లెక్కా?” అన్నాడు.

“పైన ఆయన కడుతుంటే కింద నేను ప్రార్థన చేస్తూనే ఉంటానమ్మా, ఏమీ కాదు” అన్నారు వెంట వచ్చిన పాస్టరు కృపావరంగారు. నిత్యానందమంటే ఆయనకు వల్లమాలిన అభిమానం. తన ప్రార్థన ఎంత పొడుగు సాగినా, చివర చర్చి అదిరేలా “ఆమేన్” అనేది నిత్యానందం ఒక్కడే. మిగతావాళ్ళది వట్టి గొణుగుడు.

“ఏమవుతుందో ఇది చెబుతుందండీ” అంటూ డాక్టర్ భావన అగ్గిపెట్టెంత యంత్రమున్న బెల్టు నిత్యానందం నడుముకు కట్టి, మెత్తటి దిండు మీద నిలబెట్టింది. “కళ్ళు మూసుకుని కదలకుండా ఉండండి. మీరెంత ఊగితే కంప్యూటర్లో గీత అంత ఊగుతుంది. ఎక్కువ ఊగిందా, నిచ్చెన మాట మరిచిపోండి.”

నిత్యానందం కళ్ళు మూసుకున్నాడు. ఎదుట మనిషి అలా నిలబడి కళ్ళు మూసుకుంటే కృపావరంగారి నోరు ఆగుతుందా? “ప్రేమగల తండ్రీ...” అని అందుకున్నారు. డాక్టరును దీవించమన్నారు, కంప్యూటరును దీవించమన్నారు, కరెంటు పోకుండా కాయమన్నారు, ఏలూరు మొత్తాన్ని దేవుడికి అప్పగించారు.

గీత మొదట కాస్త వణికింది. తర్వాత స్కేలు పెట్టి గీసినట్టు సాగింది.

“అబ్బ, ఎంత బాగా నిలబడ్డారండీ! చాలు, దిగండి” అంది భావన.

నిత్యానందం కదల్లేదు.

“ఏవండీ, అయిపోయిందండీ!” అని పిలిచింది లిడియా.

అంతలో సన్నగా గురక వినిపించింది. లిడియా నిట్టూర్చి దగ్గరికెళ్ళి, అలవాటుగా మోచేత్తో ఆయన డొక్కలో పొడిచింది.

“ఆమేన్!” గది అదిరింది.

కృపావరంగారి మొహం పాలిపోయింది. “లిడియమ్మా... చర్చిలో కూడా ఇంతేనా?”

లిడియా తల దించుకుంది.

భావన నవ్వాపుకుంటూ పాస్టరుతో, “యంత్రమైతే ఎక్కొచ్చనే అంటోందండీ. మీరేమంటారు?” అంది. నిత్యానందం బిక్కుబిక్కుమంటూ పాస్టరుగారి వైపు చూశాడు.

“ఎక్కనివ్వండమ్మా” అన్నారు కృపావరంగారు నీరసంగా. “నా ప్రార్థన మాత్రం ఆయన కిందికి దిగాకే.”