నానమ్మ ఫోటో

"ఎన్ని రోజులు ఎండకి పడుకున్నారు బీచ్‌లో?" అడిగింది జందీరా.

ఎదురు కుర్చీలో ఉన్న అభ్యర్థి మురీలు ఉలిక్కిపడ్డాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చొక్కా చేతిని గబుక్కున మణికట్టు మీదకి లాక్కున్నాడు. అప్పటికే ఆమె చూసేసింది. గడియారం తీసిన చోట తెల్లగా పట్టీలా ఉంది.

"ఇది నా ఒంటి రంగు మేడమ్. బ్రెజిల్లో, అందులోనూ సాల్వదోర్‌లో పుట్టినవాణ్ణి, ఎండ తగలకుండా ఎలా ఉంటాను?"

"గడియారం కింద కూడా సాల్వదోరే కదా!"

కమిటీలో ఎవరో కిసుక్కున నవ్వారు. అధ్యక్షుడు ఒస్వాల్దో నవ్వలేదు.

యూనివర్సిటీ చరిత్ర శాఖలో ఆఫ్రికా చరిత్ర చెప్పడానికి ఉన్నది ఒకే ఒక్క పోస్టు. దానికోసం జందీరా లాంటి నల్లవాళ్ళు పదకొండేళ్ళు కొట్లాడారు. పోర్చుగల్ రాజుల పెళ్ళిళ్ళు బట్టీ పట్టించే సిలబస్సూ మారాలి, చెప్పే మొహాలూ మారాలి అని. చివరికి పోస్టు నల్లవాళ్ళకే అని ఖాయమైంది. కాగానే ఊళ్ళో సగంమంది రాత్రికి రాత్రే నల్లబడిపోయారు! అందుకే ఈ కమిటీ. ఐదుగురు కూర్చుని, కెమెరా ఆన్ చేసి, మనిషిని చూసి తేల్చాలి. మొహం మాత్రమే చూడాలి. తాతముత్తాతల కథలు వినకూడదు, ఫోటోలు చూడకూడదు. అది రూలు.

నాలుగు చీట్లు ఒస్వాల్దో ముందుకి వచ్చేశాయి. రెండు అవును, రెండు కాదు. మిగిలింది జందీరా చీటీ.

"జందీరా గారూ, కాస్త ఆలోచించి రాయండి" అన్నాడు ఒస్వాల్దో గొంతు తగ్గించి. "ఇతన్ని కాదంటే పోస్టు రెండో ర్యాంకు లుజీయాకి పోతుంది. ఆ పిల్ల మీ శిష్యురాలు. బయట బెంచీ మీదే కూర్చునుంది. రేపు జనం ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు?"

"చీటీ ఇంటి దగ్గరే రాసుకొచ్చారు అనుకుంటారు."

జందీరాకి ఒళ్ళు మండింది. కానీ ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది కూడా. లుజీయా కోసమే కాదంటున్నానా? నల్లవాళ్ళలో తెల్లగా పుట్టినవాళ్ళు లేరా? నిజంగానే ఇతని నోటి దగ్గర కూడు లాగేస్తున్నానేమో అని భయం వేసింది.

మురీలు ఆ తడబాటు కనిపెట్టాడు. ఫైల్లోంచి ఒక పాత ఫోటో తీసి బల్లమీద పెట్టాడు.

"మా నానమ్మ. మా నాన్నని కన్నతల్లి. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి."

జందీరా అటు చూడలేదు. "ఫోటోలు కుదరవు. పోలీసులు బస్సు ఆపి మనిషిని దింపేది మొహం చూసి. జేబులో నానమ్మ ఫోటో ఉందా అని అడగరు."

"అంత భయమెందుకు మేడమ్? చూస్తే మాట మార్చుకోవాల్సి వస్తుందనా?"

ఒస్వాల్దో అప్పటికే కళ్ళజోడు పెట్టేసుకున్నాడు. "చూస్తే పోయేదేముందండీ... తలకి తెల్లగుడ్డ చుట్టుకున్న నల్లావిడ. ఒళ్ళో చంటివాడు. ఇది నువ్వేనా? బావున్నావు. నానమ్మది మరీ చిన్నవయసులా ఉందే?"

"మా జాతివాళ్ళకి ముడతలు త్వరగా పడవు కదండీ."

"మీ జాతా!" అంది జందీరా.

"ఈ పక్కన కత్తెరతో కత్తిరించారేమిటి?" ఒస్వాల్దో ఫోటోని వెలుతురుకి తిప్పాడు. "ఆవిడ భుజం మీద ఎవరో చిన్నపిల్ల చెయ్యి ఉంది."

"ఎవరో పిల్ల. మాకేం కాదు. ఫ్రేములో పట్టలేదని కత్తిరించాం."

"నానమ్మ పేరేమిటి?" జందీరా అడిగింది.

"దెదె."

"అది ముద్దుపేరు. అసలు పేరు?"

"అందరూ దెదె అనే పిలిచేవాళ్ళు."

"సొంత నానమ్మ పేరు తెలీదా?"

"చూడండి సార్!" మురీలు గొంతు పెంచాడు. "కెమెరా సాక్షిగా చెప్తున్నాను. ఈవిడకి నేనంటే పగ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ ఫోటో చూడమనండి. చూసి కూడా కాదంటే నేను లేచి వెళ్ళిపోతాను."

గదిలో అందరూ జందీరా వైపు చూశారు. అనుమానం ఇప్పుడు మురీలు మీద లేదు, ఆమె మీదే ఉంది.

"ఇటివ్వండి" అంది.

ఫోటో తీసుకుంది. చూసింది. అలా చూస్తూనే ఉంది. చేతిలోని పెన్ను బల్లమీద పెట్టేసింది.

"ఏమండీ, కుదిరిందా నమ్మకం?" అన్నాడు ఒస్వాల్దో.

"కుదిరింది. ఈవిడ నల్లావిడే. అందులో అనుమానం లేదు."

మురీలు మొహం వెలిగిపోయింది. జందీరా ఫోటో మీంచి కళ్ళు ఎత్తకుండానే అడిగింది, ఈసారి మెత్తగా. "ఆదివారాలు ఏం వండిపెట్టేది మీకు?"

"వతపా! రొయ్యలు వేసి, కొబ్బరిపాలు పోసి. ఇల్లంతా దెందె నూనె వాసన. జ్వరమొచ్చినా సరే, ఒక్క ఆదివారం కూడా మానలేదు మేడమ్ మా దెదె."

"అవును. ఒక్క ఆదివారం కూడా ఇంటికి రాలేదు."

మురీలుకి అర్థం కాలేదు. జందీరా తన చెయ్యి చాపి, ఫోటో పక్కన బల్లమీద పెట్టింది.

"ఆవిడ పేరు దెజనీరా. ఈ ఫోటో తీసిన ఆ ఒక్క రోజే నన్ను కూడా తను పనిచేసే మీ ఇంటికి తీసుకొచ్చింది మా అమ్మ. మీరు కత్తిరించారే, ఆ చెయ్యి నాది."