చూపుడువేలు

వయొలిన్ తీగ టప్పున తెగింది. కూతురు వాయించడం ఆపింది.

మంచం మీద నాన్న చూపుడువేలు మాత్రం ఆగలేదు. పక్షవాతం వచ్చాక, ఎందరికో సంగీతం నేర్పిన ఆ మనిషిలో కదిలేది అదొక్కటే.

“అమ్మా, నేను ఆపేసినా నాన్న తాళం వేస్తూనే ఉన్నారు!”

తల్లి దుప్పటి మడతపెడుతూ తలెత్తలేదు. “నువ్వు కాలేజీకి వెళ్ళినప్పుడూ వేస్తారు. నిద్రలోనూ వేస్తారు.”

“మరి తప్పు వాయిస్తే వేలు ఆపుతారన్నావుగా? ఆగలేదంటే బాగా వాయించినట్టేనన్నావుగా?”

“నువ్వు మానేస్తావేమోనని అలా అన్నానే.”

“అంటే ఈ ఆర్నెల్లూ నేను వాయించింది సరైందేనా?”

“నన్నడిగితే ఏం చెప్పను తల్లీ? నాకు సరిగమలే రావు.”

కూతురు తెగిన తీగతో సహా వయొలిన్‌ను పెట్టెలో పెట్టి మూత వేసింది.

నాన్న వేలు లయ తప్పలేదు.