ఏడో నీలం

గోడ మీద ఏడు నీలాలు. ఒక్కోటీ అరచేయంత.

ఆరింటి కింద పెన్సిలు రాత ఉంది. సున్నం ఇన్ని పాళ్ళు, నీలం ఇన్ని పాళ్ళు అని.

ఏడోదాని కింద ఏమీ లేదు. అది రాసేలోపే కెంగ్ హో పోయాడు.

మలేసియాలో, పెనాంగ్‌ పాత వీధిలో దర్జీ ఆయన. కొలత రాసుకోనిదే గుడ్డ మీద కత్తెర పెట్టడు. కూతురి పెళ్ళికి ఇంటికి రంగు వేయించాలన్నప్పుడూ అదే తంతు. నెల రోజులపాటు మండువా గోడ మీద ఎండ తగిలేచోట ఒకటి, నీడపట్టున ఒకటి పూసి చూస్తూనే ఉన్నాడు.

"గోడకి చొక్కా కుడుతున్నారా ఏంటి?" అని పెళ్ళాం సూన్ నియో ఏడిపించేది.

కూతురు హుయ్ లిన్ లేత బూడిదరంగు వేయిద్దామంది, కొత్త ఫ్లాట్లలో లాగా.

"తాతలనాటి సున్నపు గోడ తల్లీ ఇది. ప్లాస్టిక్ రంగు పూస్తే ఊపిరాడక చస్తుంది" అన్నాడు. చెక్కుడు తలుపుల మీది బంగారుపూతకీ, నేల మీది పచ్చ పలకలకీ నీలమే నప్పుతుందన్నాడు. గోకి చూస్తే పాత పూతల అడుగున నీలమే బయటపడింది.

ఏ నీలమో మాత్రం తేల్చుకోలేకపోయాడు.

ఏడోది పూసిన పొద్దున సూన్ నియో ఉతికే బట్టల దగ్గర్నుంచి కేకలేసుకుంటూ వచ్చింది. గోడ మీద తడినీలం సిరా ఒలికినంత నల్లగా ఉంది.

"ముందు దీన్ని ఆరనియ్యవే. ఆరాక తిడుదువు గానీ" అని నవ్వాడు.

మధ్యాహ్నం కుట్టుమిషను మీదే తల వాల్చేశాడు.

సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి ఏడో నీలం ఆరింది. వాన వెలిశాక ఆకాశం ఉంటుందే, అలా. దాని పక్కన తలుపుల మీది బంగారం ఎప్పుడూ లేనంతగా వెలిగింది.

ఇదే, అనుకుంది సూన్ నియో. చూడాల్సిన మనిషే లేడు.

వాళ్ళ ఆచారంలో, ఇంట్లో చావు జరిగితే వందరోజుల్లోపు పెళ్ళి చేసెయ్యాలి, లేదా మూడేళ్ళు ఆగాలి. వందలోపే చేసేద్దామన్నారు పెద్దలు.

"పెళ్ళింట్లో నీలమేంటే? మైల రంగు!" అంది పెద్దాడపడుచు.

"మీ తమ్ముడు ఎంచిన రంగు వదినా. మైలకి నా ఒంటి మీది నలుపు చాల్లే."

ఆ రంగే కావాలని మేస్త్రి జైనల్‌కి చెప్పింది. నాలుగు రోజులు కలిపాడు. కొట్లో తెచ్చిన పొడి ఒకటి పచ్చబారింది, ఇంకోటి బూడిదకి తిరిగింది.

"ఏం కలిపాడో మహానుభావుడు! నా తలప్రాణం తోకకొస్తోంది. పోనీ కాస్త అటూ ఇటూగా వేసేస్తా అక్కా, ఎవరు పట్టి చూస్తారు?"

"నేను చూస్తాను."

ఐదో రోజు తెల్లబట్టలు జాడిస్తూ నీలిమందు డబ్బా మూత తీసింది. సగమే ఉంది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ పొద్దున తను కేకలేసింది దీని గురించే. "నా నీలిమందు ఏమైపోయిందండీ? ఇంట్లో దొంగలు పడ్డారా?"

దొంగ నవ్వాడు. తను ఆయనతో అన్న ఆఖరి మాట అదీ.

బకెట్టు పక్కనే కూలబడి, చేతిలోని తడిబట్ట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత మొహం కడుక్కుని, డబ్బా తీసుకెళ్ళి జైనల్ చేతిలో పెట్టింది.

"దీంతో కలుపు. ఆయన పూసిన ఏడోదాని చుట్టూ వెయ్యి, దానిమీద మాత్రం కుంచె పెట్టకు."

"గుర్తుకి చుట్టూ సన్నగా గీత గీసి వదలనా అక్కా?"

"పెళ్ళి గోడ మీద గీతలేంటయ్యా? వద్దు."

సాయంత్రం హుయ్ లిన్ గోడ చూసి గుండెలు బాదుకుంది. "ఇంత ముదురేంటమ్మా!"

"ఆరనియ్యవే" అంది సూన్ నియో.

తొంభై ఆరో రోజున పెళ్ళి.

పొద్దున్నే మండువాలోకి ఎండ దిగింది. గోడ ఈ మూలనుంచి ఆ మూలదాకా ఒకే నీలం. లోపలికి వచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలో ఒక్క క్షణం ఆగుతున్నారు. నోరు పెద్దదైన ఆడపడుచు కూడా ఆగింది.

జైనల్ మీసం మెలేశాడు. "అతుకెక్కడుందో కనిపెట్టు అక్కా, చూద్దాం!"

సూన్ నియో కనిపెట్టలేకపోయింది.

ఎండకి పక్కగా నిలబడి చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఇక్కడే, తన భుజమంత ఎత్తులో. కాదు, ఇంకాస్త ఇటు.

"అమ్మా, ఫోటోకి రా! అందరూ నీకోసమే ఆగారు!" పెళ్ళికూతురు పిలిచింది.

"వస్తున్నానే" అంది, అరచేత్తో గోడ తడుముతూనే.