మిగతా ఆరుగురు

"రేపు మధ్యాహ్నం ఆ ఆరుగురూ మనింట్లో భోంచెయ్యాలి. ఆళ్ళని సూసేకే నిన్ను వైజాగ్ పంపేది" అన్నాడు గంగాధరం, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి.

వయొలిన్ పెట్టెకి జిప్పు వేస్తున్న ధనశ్రీ చెయ్యి ఆగిపోయింది. శనివారం సాయంత్రం బీచ్ రోడ్డులో ఓ కేఫ్‌లో ఆమె పాటలు. జనం ముందు వాయించడం అదే మొదలు.

"ఏ ఆరుగురు నాన్నా?"

"నాకు తెలీదనుకోకు. ఫోన్లో నీ కొత్త పాట కొట్లో పెట్టేను. బెల్లం కొనడానికొచ్చిన పెళ్ళిమేళం వాయించే సన్యాసిరావు విన్నాడు. ఏడు ఫిడేళ్ళు మోగతన్నాయన్నాడు. ఒకటి నీది. మిగతా ఆరూ ఎవులివి?"

"అన్నీ నావే."

"నీకెన్ని చేతులే?"

వంటింట్లోంచి తల్లి కన్యకాపరమేశ్వరి తొంగి చూసింది. "ఆళ్ళలో మగపిల్లలెంతమంది?"

"ఒక్కరూ లేరమ్మా."

"అందరూ ఆడపిల్లలేనా. పోన్లే. పులిహోర తింటారా?"

ధనశ్రీ జిప్పు వదిలేసి లెక్కేసుకుంది. ఉన్నారంటే రేపు తీసుకురావాలి. లేరంటే, చీకటి పడ్డాక వైజాగ్ నుంచి ఒక్కదాన్ని నాన్న రానిస్తాడా? స్కూటీ మీద పక్కనున్న సబ్బవరం వెళ్తేనే దారి పొడుగునా ఫోన్లు చేసే మనిషి.

చివరికి నిజమే చూపిద్దామనుకుంది. లాప్‌టాప్ తెరిచి తండ్రిని పక్కన కూర్చోబెట్టింది. పాట మొదలైంది. తెర మీద ఒకదాని కింద ఒకటి ఏడు రంగుల గీతలు.

"ముందొకటి వాయించి రికార్డు చేస్తాను. అది చెవుల్లో పెట్టుకుని వింటూ దానిమీద ఇంకోటి వాయిస్తాను. అలాగే అన్నీ. చూడు, ఒక్కోటీ ఆపేస్తున్నాను. ఇది నేనే, అమ్మ మిక్సీ ఆపేక వాయించేను. ఇదీ నేనే, విల్లు పక్కన పెట్టి వేళ్ళతో మీటేను."

"మరి ఇది? ఈ పిల్లెవరో ఏడుస్తన్నట్టుంది."

"అదీ నేనే నాన్నా."

ఒక్కో గీతా ఆగిపోతుంటే పాట పల్చబడిపోయింది. చివరికి ఒక్క వయొలిన్ మిగిలింది. గంగాధరం దాన్ని కదలకుండా విన్నాడు.

"అయితే ఎవులూ లేరా?"

"లేరు."

"కాఫీకీ టీకీ వచ్చే స్నేహితులు కూడానా?"

ధనశ్రీ తల అడ్డంగా ఊపింది.

గంగాధరం వంటింటి వైపు తిరిగి, "రేపు పులిహోర ముగ్గురికే చెయ్యి" అన్నాడు. లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు.

వైజాగ్ ప్రయాణం ఇక లేనట్టేనని ధనశ్రీ పెట్టె గోడకి ఆనించేసింది. ఇంతలో బయట స్కూటర్ డిక్కీ చప్పుడయింది. గంగాధరం పెద్ద బట్టలకొట్టు కవరుతో లోపలికొచ్చాడు.

"శనివారం నేనూ వత్తాను. వెనకాల కుర్చీలో కూకుంటాను. నీకేటీ అడ్డం రాను."

"నిజంగానా?"

"ఉద్యోగం పోయి హైదరాబాద్ నుంచి వచ్చేక ఎన్నాళ్ళు ఎవులితోటీ మాటాడకుండా కూకున్నావో నాకు తెలుసు. ఈ మధ్య గదిలోంచి నీ నవ్వు వినపడతంది. ఎవులో పుణ్యాత్ములు నిన్ను మళ్ళీ మనిషిని చేసేరనుకున్నాను."

"అందుకా ఆళ్ళని సూడాలన్నావు?" అంది కన్యకాపరమేశ్వరి, గరిటె పట్టుకునే బయటికొచ్చి. "నాకొక్క ముక్క సెప్పలేదేటి? పోలీసోళ్ళలాగ అడిగేవు పిల్లని."

గంగాధరం ఆ పుణ్యాత్ములకి రేపు భోజనాలయ్యాక కప్పుదామని కొన్న ఆరు శాలువాలూ కవర్లోంచి తీసి, ఒకదాని మీద ఒకటి, కూతురి భుజాల మీదే కప్పేశాడు.