చూద్దాంలే

భోజనాల బల్ల మీద మనవరాలు పాచికలు వేస్తూ కథ అల్లే ఆట నడిపిస్తోంది. స్నేహితులు వీరులు. మిగతా పాత్రలన్నీ తనే. కోట తలుపు తెరవాలంటే ముక్కు మీద పులిపిరి ఉన్న ముసలి మంత్రగత్తె సాయపడాలి.

“తెరుస్తావా అవ్వా?”

మనవరాలు గొంతు బొంగురు చేసి, “చూద్దాంలే,” అంది.

“అంటే తెరుస్తుందా, మనల్ని ముంచుతుందా?” అన్నారు వాళ్ళు.

“ఏమో. బొమ్మలు గీయడం నేర్పే కాలేజీలో చేరతానని నాన్నని ఒప్పించమంటే మా నానమ్మ కూడా పొద్దున అదే మాటంది. నిద్రపట్టేలా లేదు నాకు.”

మా అబ్బాయి ఇందాకే ఒప్పుకున్నాడు. ఆ మాట చెబుదామనే గుమ్మం దాకా వచ్చాను.

ఇప్పుడు మాత్రం ఆ మంత్రగత్తె పులిపిరి తీసేదాకా చెప్పను.

నా ముక్కు మీదున్నది పుట్టుమచ్చ.